చేతికి అంటిన మాట చెరిగిపోదు

హోసూరు చుట్టుపక్కల మార్గశిరం వచ్చిందంటే సంతలో అనపకాయలు రాశులు పోస్తారు. ఇంటికి తెచ్చి ఒలిస్తే ఆ వాసన వేళ్లకు పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. ఈ వైపు తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలందరికీ ఆ వాసన తెలుసు. ఆ అనపకాయ దగ్గరే మేము ఒకసారి తప్పు చేశాం.

మేము ఇక్కడి బడుల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయులం. మాలో ఒకరు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. రెండో తరగతిలో గోడకున్న కూరగాయల పటం చూపిస్తూ ఆమె సొరకాయ బొమ్మ మీద వేలు పెట్టి, ‘‘ఇది ఆనపకాయ’’ అన్నారు. ఒక పాప లేచి, ‘‘కాదు టీచర్, అది సొరకాయ. అనపకాయ చిన్నగా ఉంటాది, లోపల గింజలుంటాయి’’ అంది. ‘‘అవి చిక్కుళ్లమ్మా, కూర్చో’’ అన్నారామె. పిల్లలు నవ్వారు. ఆ పాప కూర్చుంది. ఆ తర్వాత వారం రోజులు తెలుగు క్లాసులో నోరు విప్పలేదు.

వారం తిరిగాక ఆ పాప అవ్వ కొంగులో దోసెడు కాయలు కట్టుకుని బడికి వచ్చింది. ‘‘టీచరమ్మా, మా పాప చెప్పింది తప్పేం కాదమ్మా. మాకు ఇవే అనపకాయలు. గింజలు నానేసి, పితికి, పప్పు చేస్తాం. మీ దిక్కున వేరేగా అంటారేమో, నాకు తెలీదు’’ అంది. కోపంగా అనలేదు. కాయలు బల్ల మీద పెట్టి, ఒకటి ఒలిచి చూపించి వెళ్లిపోయింది.

టీచరమ్మ చెప్పిందీ తప్పు కాదు. గోదావరి జిల్లాల్లో, యానాంలో సొరకాయను ఆనపకాయ అనే అంటారు. చిత్తూరు, కోలారు, హోసూరు వైపు అనపకాయ అంటే ఈ గింజల కాయ. రెండూ తెలుగే. కానీ పటంలో ఉన్న తెలుగు ఒప్పయింది, ఇంట్లో ఉన్న తెలుగు తప్పయింది. బడిలో తెలుగు ఒక్క పీరియడుకు కుదించుకుపోయిన చోట, పిల్ల ఇంటి మాటను మనమే తప్పన్నాక ఆ పిల్లకు తెలుగు ఎక్కడ మిగులుతుంది?

ఆ రోజు నుంచి మేము ఒక పని మొదలుపెట్టాం. సెలవులకు కాపీ రాతలు ఇవ్వడం మానేసి, ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని చేత్తో చేసే పనులు ఇస్తున్నాం. గింజ నాటడం, పురుగును చూడడం, నీడను కొలవడం లాంటివి. అయిదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు సరిపోయేవి. బళ్ళారి, సోలాపూర్, బరంపురం, యానాంలలో ఉన్న మిత్రులతో ఈ సంగతి పంచుకుంటే వాళ్లూ తమ ఊళ్లకు తగినవి చేర్చారు. అందులో బాగా కుదిరినవి, బెడిసినవి ఇక్కడ రాస్తున్నాం.

పితికిపప్పులో మొదటి పాఠం

ఎండు అనపగింజలు గుప్పెడు రాత్రి నీళ్లలో వేయండి. తెల్లారేసరికి ఉబ్బి ఉంటాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్క గింజను రెండు వేళ్ల మధ్య పితకమనండి. తొక్క చేతిలో ఉండిపోయి పప్పు జారి దూకుతుంది. పిల్లలు దీన్ని ఆటగానే చేస్తారు. పది గింజలయ్యాక ఒక పప్పును రెండు బద్దలుగా విడదీయమనండి. రెండింటి మధ్య అంచున చిన్న ముక్కులాంటిది కనిపిస్తుంది. అదే రేపటి మొక్క. ఆ రెండు బద్దలూ దానికి కట్టి ఇచ్చిన సద్దిమూట. వేరు నేలలో కుదురుకుని ఆకులు తమ తిండి తాము చేసుకునే దాకా మొలక ఆ మూటే తిని పెరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పితికిన పచ్చి గింజలు పిల్లలు నోట్లో వేసుకోకూడదు. వాటిని ఉడికించి తినాలి. పితికిన వాటిలో నాలుగు చూపించి, మిగతావి పులుసులోకి పంపండి.

పితకకుండా ఉంచిన నాలుగు గింజలతో రెండో పని. గాజు గ్లాసు లోపల తడి గుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య గింజలు పెట్టండి. గుడ్డ ఆరకుండా చూడండి. రెండు మూడు రోజుల్లో వేరు బయటికి వచ్చి కిందికి దిగుతుంది. వేరు వేలి గోరంత పొడుగయ్యాక గ్లాసును పడుకోబెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వేరు కొస మళ్లీ కిందికి వంగుతుంది. ‘‘దానికి కళ్లు లేవు గదా, కింద ఏదో ఎట్లా తెలుసు?’’ అని ఒక పిల్లవాడు అడిగాడు. జవాబు వెంటనే చెప్పనక్కర్లేదు. గ్లాసును ఇంకోవైపు తిప్పి ఏమవుతుందో చూడమనండి. వేరు భూమి లాగే దిక్కును పసిగడుతుందని పిల్ల తనే చూసి తెలుసుకున్నాక, ఏ భాషలోని సైన్సు పుస్తకమైనా దానికి సులువే.

అనప అన్న మాటకు తోడు పిల్లలు ఇంకా ఏం పట్టుకున్నారో చూడండి. నానడం, ఉబ్బడం, పితకడం, తొక్క, బద్ద, మొలక, వేరు. ఏడు మాటలు. వీటిలో ఏ ఒక్కటీ పలక మీద రాయించి నేర్పింది కాదు.

డబ్బాలో చెనిక్కాయ

పాత నూనె డబ్బా అడుగున చిల్లులు పొడిచి, ఇసుక కలిసిన మట్టి నింపండి. ఒలిచిన చెనిక్కాయ గింజలు రెండు నాటండి. పక్కనే వేయించిన గింజ కూడా ఒకటి నాటండి. ఏది మొలుస్తుందో పిల్లల్ని ముందే పందెం వేయమనండి. వేయించినది మొలవదు. ‘‘నిప్పు తగిలితే లోపలి ముక్కు చచ్చిపోతుంది’’ అని మా క్లాసులో చెప్పింది అనపగింజను విప్పి చూసిన పిల్లే.

సుమారు నెల రోజులకు పసుపు పూలు వస్తాయి. అసలు వింత ఆ తర్వాత మొదలవుతుంది. పూవు రాలిపోయాక దాని మొదట్లోంచి ఒక సన్నని కాడ వంగి మట్టిలోకి దిగుతుంది. కాయ మట్టిలోపల ఊరుతుంది. పూవు పైన, కాయ కింద. మూడున్నర నుంచి నాలుగు నెలలకు పెరికి చూస్తే కాయలుంటాయి. డబ్బాలో పెద్ద పంటేమీ రాదు. రెండు కాయలు వచ్చినా పిల్లలు వాటిని ఊరంతా చూపిస్తారు.

మట్టిలోకి దిగే ఆ కాడను రైతులు ఊడ అంటారు. ‘‘మర్రికి ఉండేది కూడా ఊడే కదా’’ అని పిల్లలు అడిగారు. అదే మాట బరంపురం మిత్రులకు చెబితే వాళ్లు మొగలిపొదను గుర్తుచేశారు. గంజాం జిల్లా మొగలిపూల అత్తరుకు పేరుపడింది. ఒడియాలో కియా అంటారు. మొగలి కాండం నుంచి కూడా ఊడలు నేలకు దిగి చెట్టుకు ఊతంగా నిలుస్తాయి. మర్రి ఊడ, మొగలి ఊడ వేర్లు. చెనిక్కాయ ఊడ వేరు కాదు, కాయను మోసుకెళ్లే కాడ. పైనుంచి నేలకు దిగేదల్లా తెలుగువాడికి ఊడ. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు మొక్కల్ని పోల్చి చూడడం పిల్లలకు దొరికిన మంచి వృక్షశాస్త్ర పాఠం.

ఇక్కడ కూడా పేర్ల పేచీ ఉంది. మాకు చెనిక్కాయలు. తెలంగాణ నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడిన సోలాపూర్ నేత కుటుంబాలకు పల్లీలు. పుస్తకంలో వేరుశనగ. ఈసారి మేము తప్పు చేయలేదు. మూడూ బోర్డు మీద రాశాం.

కరివేపాకు మీద అతిథి

కుండీలో కరివేపాకు చెట్టున్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. వానలు పడ్డాక ఆకుల మీద పిట్ట రెట్ట అంటినట్టు ఒక మచ్చ కనిపిస్తుంది. కాస్త సేపు చూస్తే ఆ రెట్ట నడుస్తుంది. అది సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తినకుండా ఆ వేషం. పెరిగాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ములు చాపి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. ఒక్కసారికి మించి తాకనివ్వకండి.

దాన్ని కొమ్మతో సహా వెడల్పాటి సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకులు వేస్తూ, అడుగున చేరిన రెట్టలు తుడుస్తూ ఉంటే కొన్నాళ్లకు తిండి మానేస్తుంది. పుల్లకు నడుం కట్టేసుకుని గూడుగా మారుతుంది. పది పన్నెండు రోజులకు గూడు పగిలి సీతాకోకచిలుక వస్తుంది. రెక్కలు ముడతలు పడి ఉంటాయి. అవి ఆరి విచ్చుకునే దాకా ముట్టుకోకూడదు. తర్వాత కిటికీ తెరిచి వదిలేయాలి.

మొదటి ఏడు మాకు ఇది బెడిసింది. ఒక బాబు వాళ్లింట్లో చెట్టు ఆకులు అయిపోతే బజారులో కొన్న కరివేపాకు తెచ్చి వేశారు. రెండో రోజుకు పురుగు నల్లబడి చచ్చిపోయింది. ఆ ఆకుకు మందు కొట్టి ఉంటారని మేము అనుకున్నాం. ముందే హెచ్చరించకపోవడం మా తప్పు. ఆ బాబు ఏడ్చి ఏడ్చి, చివరికి అడిగిన మాట మమ్మల్ని నిలబెట్టేసింది. ‘‘మేము తినేది కూడా అదే ఆకు కదా టీచర్?’’ ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు కరివేపాకును రెండు మూడు నీళ్లలో కడుగుతున్నారట. ఇంకో రెండు కుండీలు కూడా పెట్టారు. చావు కూడా ప్రకృతి పాఠమే. దాన్ని పిల్లల నుంచి దాచిపెట్టకుండా, పక్కన కూర్చుని మాట్లాడితే చాలు.

ఒళ్లంతా నూగుతో ఉండే పురుగుల్ని మాత్రం చేత్తో ముట్టుకోనివ్వకండి, దురద పెడుతుంది. గొంగళి కప్పుకున్నట్టు ఉంటుంది కాబట్టి గొంగళిపురుగు. మా వైపు కంబళిపురుగు. కన్నడంలో కంబళిహుళు, తమిళంలో కంబళిపూచ్చి. మూడు భాషలవాళ్లూ ఆ పురుగును చూసి ఒకే దుప్పటిని తలుచుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో తమిళం బాగా వచ్చిన పిల్లలు, కన్నడం వచ్చిన పిల్లలు, తెలుగే వచ్చిన పిల్లలు ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు మొదటి రోజు ఆ పాపను చూసి నవ్విన నవ్వులాంటిది కాదు.

చీమలకు విందు

దీనికి పెరడు అక్కర్లేదు. అపార్ట్‌మెంటు వరండా చాలు. చీమలు తిరిగే చోట చాక్‌పీసుతో అయిదు గళ్లు గీసి, ఒక్కొక్క దాంట్లో చిటికెడు బెల్లం, ఉప్పు, బియ్యప్పిండి, కొబ్బరి తురుము, పసుపు పెట్టండి. ఏ గడికి ముందు వచ్చాయో, ఏ గడిని చూసి వెనక్కి తిరిగాయో పిల్లలు రాసుకోవాలి. రాయడం రాని పిల్లలు గడిలో చుక్కలు పెడితే సరి. ముగ్గులో బియ్యప్పిండి ఎందుకు వేసేవాళ్లో ఇంట్లో అవ్వనో నానమ్మనో అడిగి రమ్మనండి.

చీమలు బారు కట్టాక ఆ దారికి అడ్డంగా వేలితో ఒకసారి గట్టిగా తుడవండి. బారు తెగిపోతుంది. చీమలు అటూ ఇటూ తచ్చాడి, కాసేపటికి మళ్లీ దారి కలుపుకుంటాయి. అవి కళ్లతో కాక, ముందు వెళ్లిన చీమ వదిలిన వాసనతో దారి పట్టుకుంటాయి. మనం తుడిచింది ఆ వాసనను. ఈ పనిలో ఇంటి పెద్దల నోటి నుంచి పిల్లలు రాబట్టిన పేర్లు చలిచీమ, గండుచీమ, ఎర్రచీమ, నల్లచీమ, రెక్కల చీమ. బడిలో మేము నేర్పింది చీమ ఒక్కటే.

నాలుగు ఊళ్లు, ఒకే సూర్యుడు

ఏడాదిలో రెండు రోజులు నడిపొద్దున మన నీడ మాయమవుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కర్కటరేఖకు, మకరరేఖకు మధ్య ఉన్న ఊళ్లకే ఈ వింత దక్కుతుంది. ఢిల్లీ పిల్లలకు ఎన్నడూ దక్కదు. మన ఊళ్లన్నింటికీ దక్కుతుంది, అదీ వంతుల వారీగా. హోసూరులో ఏప్రిల్ 24 ప్రాంతంలో, యానాంలో మే 7 ప్రాంతంలో, సోలాపూర్‌లో మే రెండో వారంలో, బరంపురంలో మే మూడో వారంలో. సూర్యుడు మన పిల్లలందరి ఇళ్ల మీదుగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుచుకుంటూ పోతున్నట్టే. తిరుగు ప్రయాణంలో జులై, ఆగస్టుల్లో మళ్లీ వస్తాడు. అప్పటికి మబ్బులుంటాయి కనుక వేసవి రోజే మేలు.

చేయవలసింది ఇంతే. మిద్దె మీద చదునైన చోట నిటారు గ్లాసును బోర్లించండి. పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకొకసారి నీడ కొసన చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. నీడ తగ్గి, తగ్గి, గ్లాసు కిందికి వెళ్లిపోతుంది. గడియారంలో పన్నెండు కాగానే అది జరగదు. దేశమంతటికీ ఒకే గడియారం, సూర్యుడు మాత్రం తూర్పు ఊళ్లకు ముందు వస్తాడు. హోసూరులో నీడ మాయమయ్యేది సుమారు పన్నెండుంపావు దాటాక. బరంపురంలో పన్నెండు కాకముందే. రెండు ఊళ్ల పిల్లలు ఫోనులో ఆ సమయాలు చెప్పుకుంటే, భూమి గుండ్రంగా ఉండి తిరుగుతోందన్న సంగతి వాళ్ల చేతికందినట్టే.

ఆ ఒక్క రోజుతో ఆపకండి. హోసూరులో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా నడిపొద్దు నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరానికే. నెలకొకసారి గుర్తు పెడితే పిల్లలే కనిపెడతారు. పొద్దు, నడిపొద్దు, పొద్దువాలడం, నడినెత్తి, నీడ వాలు అన్న మాటలు ఆ మిద్దె మీదే దొరుకుతాయి.

పేరులోనే పంచాంగం

బళ్ళారి మిత్రులు చేర్చింది ఆరుద్ర పురుగు. తొలకరి పడ్డాక ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలా నేల మీద నడుస్తుంది. దాన్ని అరచేతిలో కాక ఒక ఆకు మీద ఎక్కించుకుని కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. చీమకు ఆరు. అంటే ఈ పురుగు చీమకు చుట్టం కాదు, సాలీడుకు చుట్టం. చూశాక దాన్ని తీసిన చోటే వదిలేయాలి.

ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ వానలతో వచ్చేది కనుక దానికి ఆ పేరు. ఎప్పుడు కనిపిస్తుందో పేరే చెబుతుంది. ఇంగ్లిషు పేరు దాని రంగును, నునుపును చెబుతుంది కానీ దాని వేళను చెప్పదు. ఆ పేరు మరిచిపోతే ఒక మాటే పోదు. ఆ వానకూ ఆ పురుగుకూ ఉన్న సంబంధాన్ని గమనించిన తరాల చూపు కూడా పోతుంది. గోడ మీది క్యాలెండరులో కార్తెల పేర్లు పిల్లల చేత చదివించి, ఏ కార్తెలో ఏం చూశారో పక్కన రాయించండి.

యానాం మిత్రులది గోదారి లెక్క. సముద్రం దగ్గర కావడంతో గౌతమి అక్కడ పోటుకు పొంగి, పాటుకు తగ్గుతుంది. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని రేవు దగ్గరికి తీసుకెళ్లి, పై నుంచే ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టిస్తున్నారు. ఇవాళ పోటు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పున్నమికి ఇంకో మెట్టు ఎక్కువ మునుగుతుంది. వరద రోజుల్లో మాత్రం ఆ వైపు వెళ్లకూడదు.

సోలాపూర్‌లో నేత ఇళ్ల పిల్లలకు రంగుల ఆట. తెల్ల గుడ్డ ముక్కను పసుపు నీళ్లలో ముంచి ఆరేస్తారు. దాని మీద సబ్బు నీళ్లతో బొమ్మ గీస్తే ఎర్రగా వస్తుంది. ఆ ఎరుపు మీద చింతపండు రసం రాస్తే మళ్లీ పసుపవుతుంది. పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎందుకు ఎర్రనవుతుందో అప్పుడు అర్థమవుతుంది. ఇది అమ్మమ్మలకు తెలిసిన రసాయన శాస్త్రమే. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, పెద్దలే కలిపి చూపించాలి.

తల్లిదండ్రులు అడిగినవి

‘‘సైన్సు తమిళంలోనో ఇంగ్లిషులోనో రాయాలి కదా, ఇంట్లో తెలుగులో నేర్పితే గందరగోళపడరా?’’ అని చాలామంది అడిగారు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం చదవడం తప్పనిసరి. మన పిల్లలు రాష్ట్ర భాష బాగా నేర్చుకోవాలి కూడా. కానీ వస్తువును చేత్తో పట్టుకుని చూసిన పిల్లకు దాని రెండో పేరు, మూడో పేరు భారం కాదు. వస్తువే తెలియకుండా పేరు బట్టీపట్టిన పిల్లకే గందరగోళం. చీమను తెలుగులో చూసిన పిల్ల తమిళంలో ఎరుంబు, కన్నడంలో ఇరువె అని పక్క పక్కనే రాసుకుంటుంది. మా క్లాసు గోడ మీద అలాంటి పట్టిక ఇప్పుడు నిలువెత్తు పెరిగింది.

‘‘ఇది ఆటే కదా, చదువెప్పుడు?’’ అన్నవాళ్లూ ఉన్నారు. 1937లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సదస్సు, చదువు మాతృభాషలో సాగాలని, చేతిపని దానికి కేంద్రంగా ఉండాలని తీర్మానించింది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించాలని 1956 నుంచీ చెబుతోంది. బడుల్లో అది ఎంతవరకు అమలవుతోందో ఈ పేజీ పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు. దాని కోసం అడగడం మానకూడదు. అయితే వంటింట్లో గింజ నానేయడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఇంకొక మాట చెప్పాలి. ఈ పేర్లు తెలిసిన అవ్వలు, తాతలు మన ఇళ్లలో ఉన్నారు, కానీ ఎప్పటికీ ఉండరు. మా బడిలో ఒక బాబు సెలవుల్లో వాళ్ల తాతతో కలిసి పొలం గట్టున పద్నాలుగు రకాల గడ్డి, మొక్కల పేర్లు రాసుకొచ్చాడు. సంక్రాంతి తర్వాత ఆ తాత పోయారు. ఆ కాగితంలో కొన్ని పేర్లు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియవు. వాళ్ల నాన్న ఆ కాగితానికి అట్ట వేయించి పెట్టుకున్నారు.

ఈ ఆదివారం మొదలుపెట్టండి

ఒక గ్లాసు, ఒక తడి గుడ్డ, నాలుగు గింజలు. ఇంతకన్నా అక్కర్లేదు. మూడు నియమాలు మాత్రం మేము పాటిస్తున్నాం. జవాబు పెద్దలు ముందే చెప్పకూడదు. పిల్ల వాడిన ఇంటి మాటను దిద్దకూడదు, పుస్తకం మాటను దాని పక్కన చేర్చాలి. చూసిన ప్రాణిని ఎక్కడ తీశారో అక్కడే వదలాలి. ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, చూసినది, ఇంట్లో దాన్ని ఏమంటారో రాయించండి. మీ ఇంటి మాట వాచకంలో లేకపోతే దాన్ని కొట్టేయకండి. అలాంటి మాటకే ఆ పుస్తకం ఎక్కువ అవసరం.

మా గోడ మీది కూరగాయల పటం ఇంకా ఉంది. సొరకాయ బొమ్మ కింద ఇప్పుడు రెండు పేర్లున్నాయి. దాని పక్కన ఖాళీలో ఆ పాప ఒక ఎండు అనపకాయను అంటించి, కింద మూడు భాషల్లో పేరు రాసింది. మొన్న మార్గశిరంలో మా గోదావరి టీచరమ్మ వాళ్లింట్లో మొదటిసారి పితికిపప్పు పులుసు చేశారు. గింజలు ఎలా పితకాలో నేర్పింది ఆ పాపే.